జేజి చీరల గోల్‌కీపర్

పోయిన నెల డోన్‌కు వెళ్ళినప్పుడు మా చిన్నమ్మ రామసుబ్బమ్మ మంచం కింది ట్రంకు పెట్టె బయటికి లాగి, అందులోంచి నాలుగు బొంత ముక్కలు తీసి నా మనవరాలు హాసిని ఒళ్ళో పడేసింది. అరచెయ్యి వెడల్పు, బాగా మందం, రంగురంగుల అతుకులు, కొసలకు కట్టుకోవడానికి నాడాలు. కలరా ఉండల వాసన కింద ఇంకా పాత ఆముదం వాసన మిగిలే ఉంది. హాసిని వాటిని తిప్పి తిప్పి చూసి, "ఇవేంది అవ్వా, పిల్లి పండుకొనే పరుపులా?" అని నన్నడిగింది. "పిల్లివి కాదు తల్లీ, మీ తాతవి. మోకాళ్ళవి రెండు, మోచేతులవి రెండు" అంది చిన్నమ్మ, ఏదో రాజుగారి కవచం చూపిస్తున్నంత ధీమాగా. ఆ తాత అంటే మా నాయన తమ్ముడు, ఓబుళరెడ్డి చిన్నాయన. పోయి ఏడాది దాటింది.

మేం డోన్‌కు ఊరికే వెళ్ళలేదు. హాసిని కడపలో కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. ఈ మధ్య ఒక ఆటలో గోలు కొయ్యకు గుద్దుకుని గడ్డానికి కుట్లు పడ్డాయి. దాని తల్లి, అంటే నా కూతురు, ఆ కుట్లు చూసి అన్నం మానేసింది. "మొగం మీద మచ్చ పడితే రేపు పెండ్లి యాడ కుదురుతాదిమా? నీ మాట అది యినదు. డోన్ అవ్వతో సెప్పించు, ఈ పడేదీ లేసేదీ మానుకోమని" అని నన్ను రాయబారానికి పంపింది. జీవితమంతా బడిపిల్లలకు నీతులు చెప్పిన నేను నా మనవరాలికి ఒక్క మాట చెప్పలేక, ఎనభయ్యేళ్ళకు దగ్గరపడుతున్న చిన్నమ్మ దగ్గరికి తీసుకుపోయానన్నమాట. తీరా పోతే ఆమె ఈ పెట్టె లాగింది.

ఆ బొంత ముక్కలు పట్టుకుంటే నాకు మా రైల్వే క్వార్టర్సు వరండా గుర్తొచ్చింది. మాది వేంపల్లె దగ్గర పల్లె. వేరుశనగా, చీనీ తోటలూ చూసుకోవలసిన ఇంట్లో పుట్టి మా నాయన డోన్ గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. సేద్యానికి ఏ మాత్రం పనికిరాడని అందరూ ఒప్పుకున్న తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చి లోకోషెడ్డులో చేర్పించాడు. ఇద్దరు కొడుకులూ ఒక్కచోట చేరితే సంగటి సరిగ్గా కెలికేవాళ్ళు ఎవరని జేజి, అంటే మా నాయన తల్లి, ఆమే వచ్చేసింది. మా అమ్మ వంట మీద ఆమెకున్న నమ్మకం అంత గట్టిది. డోన్ జంక్షన్లో ఉతికిన బట్ట సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది. తలలో బొగ్గు పొగ, పప్పులో బొగ్గు పొగ. జేజి మధ్యాహ్నం పూట వక్కాకు నములుతూ, పాత చీరలు పరిచి, దబ్బనంతో బొంతలు కుట్టేది. కొసలు కదలకుండా కూర్చుని పట్టుకోవడం నా పని. ఒక్కో చీర పరుస్తూ అది ఎవరి పెండ్లికి కొన్నదో, అది కట్టుకున్న రోజు ఎవరితో తగాదా అయిందో చెప్పేది.

ఆ బొంతల్లోంచే చిన్నాయన మోకాళ్ళూ మోచేతులూ పుట్టాయి. లోకోషెడ్డు వెనక మైదానం అని పిలిచేది వట్టి గరుసు నేల. గడ్డి అనేది ఆ నేల ఎరగదు. మిగతా ఆటగాళ్ళకు బూట్లుంటే చాలు. కిందపడేవాడు గోల్‌కీపర్ కనక వాడికి తోలు ఊడేది. ఆట ఉన్న రోజు చిన్నాయన తెల్లారే జేజి పొరక ఎత్తుకుపోయి గోలు ముందర రాళ్ళన్నీ ఊడ్చి, బక్కెట్టుతో నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీసేవాడు. నీళ్ళ కొళాయి దగ్గర ఆడవాళ్ళు, "ఏమప్పా ఓబులా, కల్లాపి అయిపాయ, ముగ్గు అయిపాయ, ఇంక గొబ్బెమ్మలొక్కటే తక్కువ" అని నవ్వేవాళ్ళు. సాయంత్రం మోచేతులు చెక్కుకుని వస్తే జేజి ఆముదం కాచి, పసుపు కలిపి పట్టించేది. ఆ రెండు వాసనలతో ఇరవై నాలుగేళ్ళ మొగవాడు ఆదివారం రాత్రంతా బాలింతలా ఘుమఘుమలాడేవాడు.

ఈ పిచ్చికి మూలపురుషుడు ఒక జర్మనీ గోల్‌కీపర్. రైల్వే క్లబ్బులో పాత ఇంగ్లీషు ఆటల పత్రిక ఒకటి చిన్నాయన కంటబడింది. అందులో ఒక మనిషి నేలకు అడ్డంగా గాల్లో తేలుతూ బంతి మీదికి చేతులు చాచి ఉన్నాడు. ఆ బొమ్మను అడిగి తెచ్చుకుని అటక కింద గోడకు అంటించాడు. ఆ గోడకే దేవుళ్ళ పటాలుండేవి. శనివారం పటాలు తుడిచే జేజి, ఆ వరసలో ఉన్నవాణ్ణి ఒక్కణ్ణి వదిలేస్తే ఏం బాగుంటుందని వాడినీ తుడిచి కుంకుమ బొట్టు పెట్టేది. మా ఇంట్లో ఆ జర్మనీ ఆయనకు జరిగిన పూజ వాళ్ళ దేశంలో జరిగి ఉండదు. ఆయన పేరు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. చిన్నాయనే ఒక్కోసారి ఒక్కోలా పలికేవాడు. చివరికి ఆ పేరు వదిలేసి ఊరంతా చిన్నాయననే జర్మనీ ఓబులు అంది.

ఆ బొమ్మకొక కథ ఉండేది. క్లబ్బులో ఒక ముసలి గార్డు దొర చెప్పాడట. ఆ మనిషి పెద్ద యుద్ధంలో సిపాయిగా కొట్లాడి శత్రువులకు పట్టుబడ్డాడు. యుద్ధం అయిపోయి ఇంటికి పొమ్మంటే పోకుండా ఆ శత్రువుల దేశంలోనే ఉండిపోయి, వాళ్ళ జట్టుకే గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు. మొదట్లో వేలమంది కలిసి తిట్టారు. ఆయన తలొంచుకుని బంతులు పట్టుకుంటూ పోయాడు. ఏళ్ళు గడిచేసరికి తిట్టిన నోళ్ళే జేజేలు కొట్టాయి. చిన్నాయన చెప్పిన ప్రతిసారీ తిట్టేవాళ్ళ సంఖ్య పెరిగేది, జేజేలు ఇంకా పెరిగేవి. ఇందులో నిజమెంతో నేను ఇప్పటిదాకా విచారించలేదు, విచారించే ఉద్దేశమూ లేదు.

ఇంతలో చిన్నాయనకు పెండ్లి పిచ్చి కూడా తోడయింది. వేంపల్లెలో ఒక పెండ్లికి పోయినప్పుడు, బండి మీద నుంచి టెంకాయలు విసురుతుంటే ఒక అమ్మాయి కింద నిలబడి ఒక్కటీ జారనీయకుండా పట్టిందట. పిల్ల రంగు చూడలేదు, జడ చూడలేదు. ఇంటికొచ్చి "ఆ యమ్మి పట్టు చూడాల వదినా, పట్టు!" అని మా అమ్మతో వారం రోజులు అదే మాట. రాయచోటి పక్క పిల్ల అనీ, పేరు రామసుబ్బమ్మ అనీ, మా కులమే అనీ జేజి ఆరా తీసింది. కబురు పంపితే పిల్ల తండ్రి ఇల్లు చూసుకుంటానని బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను ఆయన్ని తర్వాత జీవితమంతా రాయచోటి తాత అనే పిలిచాను. ఆరడుగుల మనిషి, తెల్లని పెద్ద తలగుడ్డ. ఇంట్లో కూర్చున్నా, మజ్జిగ తాగినా ఆ తలగుడ్డ తీయలేదు.

మా అదృష్టం ఎంత బాగుందంటే, ముందురోజే చిన్నాయన ఒక ఆట ఆడాడు. మోచేతికి కట్టు, చెంప మీద పక్కు, కనుబొమ్మ పైన చీలిక. రాయచోటి తాత గ్లాసు కింద పెట్టి ఆ మొహాన్నే చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, ఆ దెబ్బలేంది?"

"బాలాటలో తగిలినాయి మామా."

"బాలాటంటే కాళ్ళతో తన్నేదే కదా. కాళ్ళతో ఆడేటోనికి చేతులెట్ల పగుల్తాయి?"

"అందరూ కాళ్ళతో ఆడతారు మామా. నేనొక్కణ్ణే చేతుల్తో ఆడతా" అన్నాడు చిన్నాయన, సత్యం చెబుతున్న సంతోషంతో. రాయచోటి తాత బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది తల అడ్డంగా ఊపాడు. ఇలాంటి కథలు వాళ్ళు చాలా విన్నవాళ్ళు. మా పక్క పిల్లనిచ్చే ముందు పొలమెంత అని అడిగేలోగా, మీకు ఎవరితోనన్నా పగలున్నాయా అని ఆరా తీయడం మామూలు. ఒంటి మీద దెబ్బలున్నవాడు బావిలో జారినానన్నా, ఎద్దు పొడిచిందన్నా ఎవరూ నమ్మరు. పాపం, ఈయనేమో చేతుల్తో ఆడే బాలాట అన్నాడు.

రాయచోటి తాత లేచి గోడ దగ్గరికి పోయి, బొట్టు పెట్టిన జర్మనీ ఆయన్ని చూసి, "ఈయనెవరు, మీ పెద్దోళ్ళలో ఎవరన్నానా?" అని అడిగాడు. చిన్నాయనకు ఇక పట్టపగ్గాల్లేవు. యుద్ధం దగ్గర మొదలుపెట్టి జేజేల దాకా మొత్తం చెప్పాడు. తాత నిలబడే విన్నాడు. "పగోళ్ళ ఊర్లో నిలబన్యాడా? వాళ్ళు బతకనిచ్చినారా?" అని మాత్రం అడిగాడు. బతకనిచ్చారన్నాడు చిన్నాయన. "మా తట్టు అట్ల జరగదులేప్పా" అని తాత చెప్పులు వేసుకున్నాడు. వాకిట్లో జేజితో మాత్రం నెమ్మదిగా ఉన్నమాట చెప్పాడు. "సూడమ్మా, మా అన్నను ఊరి కొట్లాటలో పోగొట్టుకున్యా. ఊరిడిసిపెట్టి రాయచోటికొచ్చి కూసున్యా. దెబ్బల్లేని ఇంటికే నా బిడ్డనిస్తానని మా వదినకు మాటిచ్చినా. వచ్చే ఆదివారం ఆటుండాది అన్యాడు కదా మీవోడు. అదేందో నా కండ్లతో సూస్తా. ఆమీదట మాట్లాడుకుందాం."

ఆ వారమంతా ఇల్లు ఇల్లుగా లేదు. చిన్నాయన అన్నం ముందు కూర్చుని సంగటి ముద్దను బంతిలా అటూ ఇటూ దొర్లించేవాడు. ఈ సంబంధం పోతే ఇంక చేసుకోనని ఒకసారి, షెడ్డు మానేసి ఎటైనా పోతానని ఒకసారి అన్నాడు. జేజికి ఒకటే తోచింది. కొత్త దెబ్బ కనబడకపోతే చాలు. ఆదివారం పొద్దున కొడుకును ముందర నిలబెట్టి, "ఒరే ఓబులా, ఆ యమ్మి కావాలంటే ఈ రోజు నువ్వు కింద పడగూడదు. నిలబడి పట్టుకొనేటివి పట్టుకో, పొయ్యేటివి పోనీ. నా మీద ఒట్టు" అంది. పడే ఆశే ఉండకూడదని బొంత ముక్కలు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళం చెవి కొంగున ముడేసుకుంది. చిన్నాయన తల్లి నెత్తిన చెయ్యి పెట్టాడు. మోచేతులు బోసిగా పెట్టుకుని ఆటకు పోయాడు.

నాయన నన్ను తీసుకుపోయాడు. గుత్తి జట్టు వచ్చింది. రాయచోటి తాత గొడుగేసుకుని, బామ్మర్దితో సరిగ్గా చిన్నాయన గోలు వెనకే నిలబడ్డాడు. మేం ఆయన పక్కనే. ఆట మొదలయ్యాక మా జర్మనీ వీరుడి అవతారం చూడాలి. చేతికి అందినవి పట్టుకున్నాడు, ఎగిరి అందేవి ఎగిరి పట్టుకున్నాడు. పక్కకు పోయే బంతి వస్తే మాత్రం నీళ్ళలో కొంగలా ఒంటికాలు చాచి, నడుము వంచి, బంతి పోతున్న దారిని దిగులుగా చూసేవాడు. అట్లా ఒక గోలు పోయింది. కింద పడి ఉంటే ఆగేది. "ఓబులన్నా, నడుముకు కట్టె కట్టినారా?" అని మా ఊరివాళ్ళే అరిచారు. చిన్నాయన చెవులు ఎర్రబడ్డాయి. నాయన మాత్రం సంతోషంగా ఉన్నాడు, ఇంకో కాసేపు ఇట్లా నెట్టుకొస్తే పెండ్లి ఖాయమని.

అప్పుడు తాత బామ్మర్దితో అన్న మాట మాకు విననే వినబడింది. "సూస్తివా? ఇంతసేపైపాయ, ఒంటికి దుమ్మన్నా తగల్లేదు. ఈ ఆటలో దెబ్బలే తగలవు. ఆ దెబ్బలు యాడివో నాకు తెల్సిపాయ. పోదాం పా." గొడుగు మడిచాడు.

నాయన ఒక్క అంగలో గోలు దగ్గరికి పోయాడు. జీవితంలో ఎప్పుడూ గొంతు పెంచని గూడ్సు గుమాస్తా గోలు కొయ్య పట్టుకుని, "ఒరే ఓబులా, పడురా! పడు!" అని గావుకేక పెట్టాడు. చిన్నాయన వెనక్కి తిరిగి బిత్తరపోయి, "అమ్మ మీద ఒట్టన్నా!" అన్నాడు. "అమ్మకు నేను సెప్పుకుంటాలే, నువ్వు పడరా సామీ!" పక్కనున్న జనానికి ఏమీ అర్థం కాకపోయినా, ఇదేదో బాగుందని వాళ్ళూ అందుకున్నారు. మైదానమంతా పడు పడు అని ఒకటే అరుపు. ఆ మాట వినగానే, కాళ్ళ దగ్గరికి మెల్లగా దొర్లి వస్తున్న ఒక అమాయకపు బంతి మీద చిన్నాయన మొదటిసారి పడ్డాడు. పసిబిడ్డ కూడా ఆపగలిగిన బంతి అది. అయినా జనం ఈలలు వేశారు, తాత ఆగాడు.

ఆట ఆఖర్న గుత్తివాళ్ళకు పెనాల్టీ దొరికింది. వాళ్ళ పొడుగాటివాడు వచ్చి బంతి పెట్టాడు. చిన్నాయన ఒక్కసారి మా వైపు చూశాడు. వాడు తన్నాడు. చిన్నాయన కుడి పక్కకు, ఆ బొమ్మలో మనిషి లాగానే, నేలకు అడ్డంగా తేలాడు. అంత అందమైన దూకుడు నేను మళ్ళీ చూడలేదు. బంతి నేరుగా మధ్యలోంచి, కదలకుండా నిలబడి ఉంటే పొట్టకు తగిలే చోటు నుంచి, లోపలికి పోయింది. జేజి మాట విని ఉంటే ఆగేది.

మేం పరిగెత్తేసరికి చిన్నాయన గరుసులో బోర్లా పడి ఉన్నాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయి, రక్తంలో రాళ్ళు అంటుకుని ఉన్నాయి. అందరికంటే ముందు చేరింది రాయచోటి తాతే. అటూ ఇటూ చూశాడు, కట్టడానికి గుడ్డ కనబడలేదు. తల మీద చెయ్యి పెట్టి తలగుడ్డ విప్పాడు. బామ్మర్ది "బావా!" అని ఆపబోయాడు. మా పక్క పెద్దమనిషి నలుగురిలో తలగుడ్డ తీయడం చావులో తప్ప జరగదు. అది విప్పాక, ఇంట్లో కూడా తీయకపోవడానికి కారణం తెలిసింది. నుదుటి మీద నుంచి మాడు దాకా, వెంట్రుక మొలవని పెద్ద మచ్చ. ఆ మచ్చ ఏ ఆటలోదీ కాదని చిన్నపిల్లనైన నాకు కూడా తెలిసింది. తాత ఎవరినీ చూడకుండా చిన్నాయన చేతికి గుడ్డ చుడుతూ, "ఇంత రక్తం కారినా నీకు వాళ్ళ మీద కోపం ల్యాదాప్పా?" అని అడిగాడు.

"ఎవరి మీద? గుత్తోళ్ళ మీదనా? వాళ్ళు ఈ రోజు మా ఇంట్లోనే తింటారు మామా" అన్నాడు చిన్నాయన, పండ్ల మధ్యలోంచి మట్టి ఉమ్మేస్తూ.

అది నిజం. వచ్చిన జట్టుకు ఆ పూట భోజనం మా ఊరి ఆటగాళ్ళ ఇళ్ళలోనే. గోల్‌కీపర్ ఇంటికి గోలు కొట్టినవాణ్ణి పంపడం వాళ్ళు పెట్టుకున్న అల్లరి. ఆ పొడుగాటివాడు మా వసారాలో చిన్నాయన పక్కన కూర్చున్నాడు. చిన్నాయన కుడిచెయ్యి పనికిరాదు. వాడే సంగటి తుంచి, ఊరిబిండి పచ్చడి అద్ది, చిన్నాయన నోట్లో పెడుతూ, "నువ్వు ఊరికే నిలబన్యా ఆగిపోయేది కదన్నా, ఎందుకు దూకితివి?" అని ఎక్కిరిస్తున్నాడు. చిన్నాయన నోటినిండా సంగటితో వాణ్ణి తిడుతున్నాడు. ఎదురుగా తలగుడ్డ లేకుండా కూర్చున్న రాయచోటి తాత చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను. సంగటి పెట్టడానికి వచ్చిన జేజితో, "నా బిడ్డను ఈ ఇంటికే ఇస్తానమ్మా. దెబ్బ తగిలించినోడే పక్కన కూసోని తినిపిస్తాండాడు. ఇట్లాంటి ఇల్లు నేను సూళ్ళేదు" అన్నాడు. జేజి సంగటి గిన్నె కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒట్టు తప్పినందుకు ఆమె కొడుకును వదిలిపెట్టిందనుకోకండి. తర్వాత చాలా ఏళ్ళు సుబ్బరంగా బతికి, జలుబు చేసినా తలనొప్పి వచ్చినా "అంతా నువ్వు ఒట్టు తీసి గట్టున పెట్టినందుకేరా" అనేది. ఆ తలగుడ్డను ఎంత ఉతికినా రక్తపు మరక పోలేదు. తిరిగి ఇవ్వబోతే తాత పుచ్చుకోలేదు. ఇక జేజి దాన్ని చింపి తన చీరల మధ్య చేర్చి బొంత ముక్కలు కొత్తగా కుట్టింది. పెండ్లికి తాత అంతకంటే పెద్ద తలగుడ్డ చుట్టుకొచ్చాడు, అది వేరే సంగతి. చిన్నమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆట మొత్తం తెలుసుకుని, మొగుడు ఏ పని చెడగొట్టినా "నిలబడుకోనుంటే సరిపోయేది" అనేది. చిన్నాయన పోయేదాకా ఆ మాట పడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు లోకోషెడ్డు వెనక మైదానం లేదు, ఇళ్ళు లేచాయి. హాసిని ఆడేది పచ్చని తివాచీ పరిచినట్టుండే నేల మీద. దాని చేతి తొడుగులు కొరియర్‌లో వస్తాయి, మోకాళ్ళకు స్పంజీ కవచాలు. పొరక పట్టుకుని కల్లాపి చల్లే పని లేదు. అవతలి జట్టు ఆట కాగానే బస్సెక్కి పోతుంది. గోలు కొట్టిన పిల్ల రాత్రికి ఫోన్లో నవ్వే బొమ్మ పంపిస్తుందట, అంతే. సంగటి తినిపించేవాళ్ళు ఉండి ఉంటే ఆ కుట్లు తొందరగా మానేవేమో అనిపించింది నాకు. పాతకాలం మనిషిని కదా, అట్లాగే అనిపిస్తుంది.

నేను హాసినికి ఈ కథంతా చెప్పడం అయ్యాక, మా కూతురు పంపిన రాయబారం గుర్తొచ్చి, "ఆట మానుకోమని నువ్వన్నా సెప్పు చిన్నమ్మా. గడ్డం మీద మచ్చ చూసి రేపు ఎవరేమంటారో అని దీనమ్మ దిగులు" అన్నాను. చిన్నమ్మ బొంత ముక్కలు ముందుకు లాక్కుంది. దబ్బనం తెమ్మంది. ఒక బొంత ముక్కలో జేజి ఆకుపచ్చ చీర పక్కన, తెలుపు పోయి గోధుమ రంగుకు తిరిగిన ఒక గుడ్డ అంచు ఊడి ఉంది. దాన్ని వేలితో కాసేపు నిమిరి, కళ్ళద్దాలు సర్దుకుని కుట్టింది. దారం పండ్లతో తెంపి, హాసినిని దగ్గరికి పిలిచి, కుట్లు పడిన గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ఎవురు కొట్టినారు?"

"ఎవరూ కొట్టలేదు అవ్వా. బాలు కోసం నేనే పడినా."

"బాలు దొరికినాదా?"

"దొరికింది."

"మీ తాతకు దొరకల్యా" అంది చిన్నమ్మ. బొంత ముక్కను దాని మోచేతికి చుట్టి, నాడాలు గట్టిగా లాగి ముడేసింది. "మీయమ్మతో నేను మాట్లాడతాలే. నువ్వు పడు తల్లీ. బాగా పడు."